ఎదెల్మిరా నంబరు

ఎదెల్మిరా నంబరును ఫోను కంపెనీవాళ్ళు వేరే మనిషికి ఇచ్చేశారు. ఆమె పోయి ఏడాది కూడా నిండలేదు. అడగలేదు, చెప్పలేదు, ఇచ్చేశారు. ఆమె భర్త ఎలియోదోరో లెక్కలో అది దొంగతనం. దొంగతనమా కాదా అని ఎవరితోనూ వాదించాల్సిన పని లేదు.

సంగతి అతనికి ఒక ఆదివారం తెలిసింది. ఆదివారాల్లో అతను ఆ నంబరుకు ఫోన్ చేసేవాడు. ఎందుకు చేసేవాడన్నది ఎవరికీ అనవసరం. ఈ నంబరు పనిచేయటం లేదని ఒక ఆడగొంతు చెప్పేది, అతను పెట్టేసేవాడు. ఆ ఆదివారం మాత్రం లారీ ఇంజను మోతలోంచి ఒక మగగొంతు, "ఆఁ, చెప్పండి" అంది. ఎలియోదోరో పెట్టేశాడు. ఫోను జేబులో వేసుకుని, దొడ్డి కంచె దిగి, తీగలు బిగించాడు.

ఇప్పుడు ఆవులు కూడా అతనిమీద పగబట్టాయి.

వానలు మొదలయ్యాయి, ఆవులు ఈనాయి, మైదానం మీద నీళ్ళు నిలిచాయి. పాలు పిండే కాలం ఇదే. పిండే మనిషి లేదు. పెళ్ళైన నాటినుంచీ పిండింది ఎదెల్మిరా. అతని పని దూడల దొడ్డి దగ్గర నిలబడి, ఏ ఆవు వంతు వస్తే దాని దూడను వదలటం.

దొడ్డిలో బురద చీలమండల దాకా దిగబడుతోంది. అతను పలోమా అనే ఆవు వెనక కాళ్ళకు పచ్చితోలు తాడు చుట్టి ముడివేశాడు. దూడను మెడతాడు పట్టి ఈడ్చుకొచ్చి పొదుగుకు అందించాడు. కాసేపు కుడవనిచ్చి, మూతి లాగేసి, తల్లి ముందుకాలికి కట్టాడు. సొరబుర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. వేళ్ళు నొప్పిపుట్టేదాకా పిండాడు. బుర్ర అడుగు తడిసింది, అంతే. పొదుగు మాత్రం రాయిలా నిండి ఉంది. పలోమా చేపలేదు, పాలు కిందికి వదల్లేదు. తల తిప్పి అతన్ని ఒకసారి చూసి, తోకతో చెంపమీద కొట్టింది.

"అది తోక కాదు బావా. తీర్పు."

కంచె అవతల మోటారుసైకిలు ఆపి నుబియా నవ్వుతోంది. ఎదెల్మిరా చెల్లెలు. ఊళ్ళో బడి వంటశాలలో వండుతుంది. సెలవులివ్వగానే పొలానికి వచ్చి చీజ్ చేయటం ఆమెకు ఏటా ఉన్న అలవాటు. ఈ ఏడు కూడా పెద్ద గిన్నె, వడకట్టే గుడ్డ బండికి కట్టుకునే వచ్చింది.

"చీజ్ లేదు, వెళ్ళు" అన్నాడు ఎలియోదోరో.

"రాగానే అన్నం పెట్టినట్టుంది నీ మాట."

"పాలు బిగబట్టాయి. నాలుగూ అంతే. పగ."

"ఆవులకి పగేమిటి? నీ మొహం చూసి చేపుకి రావటం లేదేమో. ముసుగేసుకుని కూచో."

"అమ్మేస్తాను."

నుబియా నవ్వు ఆపింది. "అవి అక్క ఆవులు."

"అక్క లేదు."

ఆమె గిన్నె దించింది. తర్వాత పలోమా నుదురు రుద్దుతూ, నెమ్మదిగా, "అక్క లేదు సరే. అక్క పాటలున్నాయిగా" అంది.

ఆ మైదానపు పల్లెల్లో పాట లేకుండా ఆవుల పాలు పిండరు. ప్రతి ఆవుకూ ఒక పేరు, ఆ పేరుమీద ఒక పాట. తల్లి పేరే దూడకూ పేరు. పాటలో పేరు వినపడితే ఆవు చేపుతుంది. ఎలియోదోరోకు ఇదంతా తెలుసు. అతనికి పాట రాదు. రానిదాన్ని గురించి అతను మాట్లాడడు.

"పోయినేడాదంతా అక్క పాటలన్నీ ఫోనులో పట్టి దాచింది" అంది నుబియా. "అవి ఉన్న ఆన్‌లైన్ ఖాతా తెరిచిపెట్టింది నేనే. నా ఫోనులోంచి కూడా తీయొచ్చు. ఆ పాట వినిపిద్దాం, పలోమా ఏమంటుందో చూద్దాం."

"పోయినేడాదంతా ఆమె నాతోకంటే ఫోనుతోనే ఎక్కువ ఉంది."

"నీతో ఉంటే ఏం వినపడుతుంది బావా, గొణుగుడు తప్ప?"

పొలం మొత్తంలో సిగ్నలు అందేది దొడ్డి కంచె పైకర్ర మీదే. సాయంత్రాలు ఎదెల్మిరా అక్కడే ఎక్కి కూచునేది, అతను కింద ఒక్కడే భోంచేసేవాడు. ఇప్పుడు నుబియా ఎక్కింది. పాస్‌వర్డు కొట్టింది, అది సరిగ్గానే ఉంది. కానీ ఇది కొత్త ఫోను కాబట్టి ఖాతాదారు నంబరుకు ఒక కోడ్ పంపామనీ, అది చెబితేనే తెరుస్తామనీ వచ్చింది.

"అక్క ఫోనేది?"

ఎలియోదోరో తాళ్ళు చుడుతున్నాడు. "ఆమె దగ్గరే ఉంది."

"ఆమె దగ్గరంటే?"

"పెట్టెలో పెట్టాను."

నుబియాకు అర్థం కావటానికి కాసేపు పట్టింది. "శవపేటికలోనా? శవపేటికలో ఎవరైనా ఫోను పెడతారా బావా?"

"మీరు జపమాల పెట్టారు. ఆమె జపమాల పట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు. చేతిలో ఏదుండేదో అది పెట్టాను."

"ఛార్జరు కూడా పెట్టావా?"

అతను ఇంకో తాడు అందుకున్నాడు. ఛార్జరూ పెట్టాడు.

నుబియా కంచెమీదనే కూర్చుని నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. తర్వాత అక్క నంబరుకు ఫోన్ చేసి స్పీకరు పెట్టింది. అదే లారీ మోత, అదే గొంతు.

"అన్నా, మీ ఫోనుకి ఇప్పుడే ఒక కోడ్ వచ్చుంటుంది. అదొక్కటి చెప్పండి."

"వచ్చిందమ్మా. చెప్పను."

"అది మా అక్క ఖాతా. ఈ నంబరు మీకంటే ముందు మా అక్కది. ఆవిడ పోయింది."

"పోయినవారం ఒకడు ఫోన్ చేసి, మీ పెదనాన్న ఆసుపత్రిలో ఉన్నాడు, కోడ్ చెప్పు అన్నాడు. నాకు పెదనాన్నే లేడు."

"నేను దొంగని కాదన్నా."

"దొంగలూ అదే అంటారు తల్లీ. పైగా వాళ్ళకి గొంతు ఇంకా బాగుంటుంది."

"ఇలా తే" అన్నాడు ఎలియోదోరో. బురదకాళ్ళతో కర్రలెక్కి ఫోను లాక్కున్నాడు. "నువ్వు పట్టుకు తిరుగుతున్నది నా భార్య నంబరు."

"ఎవరండీ మీరు?"

"ఎలియోదోరో."

అవతల ఇంజను ఆగింది. లారీ పక్కకు తీసినట్టున్నాడు. "ఎదెల్మిరాగారి ఎలియోదోరోనా? చీజ్ చేసే ఎదెల్మిరా?"

"నా పేరు నీకెలా తెలుసు?"

"మీ పేరు తెలియకపోవటమేంటి పెద్దాయనా. ఈ నంబరు తీసుకున్నాక రోజుకొకరైనా చేస్తారు. 'ఎదెల్మిరా, చీజ్ ఉందా? ఎదెల్మిరా, ఆ గొణుగుడు ఎలియోదోరో ఎలా ఉన్నాడు?' రాంగ్ నంబరని మొదట్లో చెప్పి చూశాను. ఎవరూ వినరే. ఇప్పుడు 'బాగానే గొణుగుతున్నాడు' అని నేనే చెప్పేస్తున్నాను."

నుబియా మొహం మైదానం వైపు తిప్పుకుంది. ఆమె భుజాలు ఊగుతున్నాయి.

"ఒక ముసలావిడుంది" అన్నాడు అవతలివాడు. "తెల్లారగానే గొంతు రికార్డుచేసి దీవెన పంపుతుంది. తిరిగి ఆమెన్ అనకపోతే సాయంత్రం దాకా పంపుతూనే ఉంటుంది."

"మాటిల్దె అత్త" అంది నుబియా. "సమాధి దగ్గర నాకంటే ఎక్కువ ఏడ్చింది. మర్నాటికి మర్చిపోయింది."

"నేనూ ఆమెన్ అంటున్నానమ్మా. నిజం చెప్పొద్దూ, అప్పట్నుంచీ నా టైరు పంక్చరవలేదు."

"నువ్వేం పనిచేస్తావు?" అన్నాడు ఎలియోదోరో.

"పశువుల లారీ అండీ. ఒబ్దూలియో నా పేరు. శనివారం మీ వైపే వస్తున్నాను."

"ఖాళీగా రా. నాలుగు ఆవులున్నాయి. సంతలో దించుదువు."

"సరే. కోడ్ సంగతి కూడా అప్పుడే, మనిషిని చూశాక."

ఎలియోదోరో ఫోను తిరిగిచ్చి కిందికి దిగాడు.

"కోడ్ అడుగుతావని ఇస్తే, ఆవుల్ని అప్పజెప్పావు" అంది నుబియా. ఆమె నవ్వటం లేదు.

"నాకు రెండూ అక్కర్లేదు."

శుక్రవారం నుబియా తనే పిండటానికి కూర్చుంది. తనకు వచ్చిన పాటలన్నీ పాడింది. పండగ పాటలు, చర్చి పాటలు, రేడియోలో వచ్చే విరహాలు. పలోమా ఓపిగ్గా విని ఆమె పాదం తొక్కింది. మిగతా మూడూ అంతే. మధ్యాహ్నానికి పెద్ద గిన్నె బోర్లించి, కుంటుకుంటూ వచ్చి ఉడికిన పచ్చి అరటికాయలు అతని ముందు పెట్టింది.

"ఒక్కమాటు ఆలోచించు బావా. ఆవుల్లేకపోతే నేనెందుకొస్తాను ఇక్కడికి?"

"రావద్దన్నానా?"

"రమ్మన్నావా ఎప్పుడైనా?"

అతను అరటికాయ వలిచాడు. పొలంలో ఆవులు లేని దొడ్డి ఎలా ఉంటుందో అతను ఊహించలేదని కాదు. ఊహించాడు. శుభ్రంగా ఉంటుంది. తెల్లవారుజామున లేవక్కర్లేదు. లేచి ఏం చేయాలో మాత్రం తోచలేదు.

శనివారం పొద్దున లారీ హారన్ ముందు వినపడింది. మామూలు హారన్ కాదు, అందరూ పండగల్లో చిందేసే వరస. నీళ్ళలో మేస్తున్న ఎర్రకొంగలు గుంపుగా లేచాయి. లారీ దిగినవాడు పొట్ట పెద్ద మనిషి, టోపీ చిన్నది. వచ్చీరాగానే టోపీ తీసి ఎలియోదోరో చెయ్యి రెండుచేతులతో పట్టుకున్నాడు.

"మీ ఇంటి మనిషిననిపిస్తోంది నాకు" అన్నాడు ఒబ్దూలియో. "మీ బంధువులందరి పుట్టినరోజులూ నాకు తెలుసు."

"ఆవులు అక్కడున్నాయి" అన్నాడు ఎలియోదోరో.

నుబియా నల్లకాఫీ తెచ్చింది. "పాల పొలంలో పాల్లేని కాఫీ అన్నా. ఎందుకో ఆయన్నే అడగండి. ముందు కోడ్. తర్వాతే ఆవులు."

"మనిషిని చూశానుగా. ఈ మొహంతో ఎవరూ మోసం చేయలేరు" అన్నాడు ఒబ్దూలియో.

ఇద్దరూ చెరొక ఫోనుతో కంచె ఎక్కారు. ఒబ్దూలియో బరువుకు పైకర్ర మూలిగింది. కోడ్ వచ్చింది. అతను అంకెలు ఒక్కొక్కటే, చర్చిలో పాదిరి పోయినవాళ్ళ పేర్లు చదివినట్టు చదివాడు. సిగ్నలు పోయింది. తిరిగొచ్చేసరికి గడువు దాటిందని వచ్చింది. ఇంకో కోడ్ అడిగారు. ఈసారి అతను ఒక చేత్తో ఫోను ఆకాశానికెత్తి, ఇంకో చేత్తో నుబియా భుజం పట్టుకుని గబగబా చదివాడు. కర్ర విరిగింది. ఒబ్దూలియో బురదలో కూలబడ్డాడు, ఫోను మాత్రం ఇంకా పైకే ఉంది.

"తెరుచుకుంది" అంది నుబియా, కంచె గుంజను కావలించుకుని.

ఖాతాలో చీజ్ ఫోటోలున్నాయి, కోళ్ళు, మాటిల్దె అత్త నిద్రపోతున్న ఫోటో. ఒకచోట పాటలు, ఒక్కొక్కదాని మీద ఆవు పేరు. నుబియా అన్నింటినీ తన ఫోనులోకి దించుకుంది. పలోమా పాట నొక్కింది. ఫోను గొంతు చిన్నది. దొడ్డిలో ఆవుల రొద పెద్దది.

"లారీలో స్పీకర్లున్నాయి" అన్నాడు ఒబ్దూలియో, వెనక దులుపుకుంటూ. "పశువులు దారిలో బెదరకుండా పాటలు పెడతాను. మంచివే."

ఆవుల్ని ఎక్కించటానికని లారీని దొడ్డికి ఆనించి, వెనక తలుపు దించి పెట్టాడు. ఆ తలుపులోంచే ఎదెల్మిరా గొంతు వచ్చింది.

*పలోమా, పలోమా,*
*రాత్రంతా వానలో తడిశావు,*
*పొదుగు బరువెంత మోస్తావు,*
*నీ బిడ్డ ఆకలి నీకు తెలుసు…*

ఎలియోదోరో చేతిలో తాడు అలాగే ఉండిపోయింది. పెద్ద గొప్ప గొంతేం కాదు. జీర ఉంది. చివర్లో ఊపిరి అందక తెగుతుంది. అది ఎక్కడ తెగుతుందో అతనికి ముందే తెలుస్తోంది.

నాలుగు ఆవులూ తలలెత్తాయి. పలోమా చెవులు నిక్కబొడుచుకుంది. నుబియా పరుగున పోయి కాళ్ళకు తాడు వేసి, బుర్ర పట్టుకుని కూర్చుంది. పిండింది.

"రావటం లేదు" అంది.

పాట అయిపోయింది. ఎదెల్మిరా చివరగా పేరు ఒక్కటే పొడుగ్గా పిలిచింది, పలోమా అని. పిలిచి ఆగింది. స్పీకర్లలో గాలిచప్పుడు. ఎక్కడో చాలా దూరంలో, ఏదో మూలుగులాంటిది.

"అదేంటి?" అన్నాడు ఒబ్దూలియో. "మళ్ళీ పెట్టనా? ఆఖర్న ఎవరో పాడుతున్నారు."

మళ్ళీ పెట్టాడు, గొంతు పెంచి. ఎదెల్మిరా పిలిచింది, ఆగింది. దూరంనుంచి ఒక మగగొంతు, మోటుగా, చాలా పొడుగ్గా అదే పేరు తిరిగి పలికింది. ప—లో—మాఆ.

నుబియా బుర్ర కింద పెట్టింది. "బావా. అది నువ్వే."

"అది పాట కాదు" అన్నాడు ఎలియోదోరో. "దూడల దొడ్డికి అడ్డం పెట్టే గడికర్ర తీసేటప్పుడు వేసే కేక. దూడను వదులుతున్నానని చెప్పటం."

"ఎవరికి చెప్పటం?"

"ఆవుకి."

"ఈ ఏడు చెప్పావా మరి?"

అతను చెప్పలేదు. ఎవరూ పిలవకుండా ఏమని పలుకుతాడు? కొత్త దూడలకు పేర్లు కూడా నేర్పలేదు. నోరుమూసుకుని తాడుతో ఈడ్చుకొస్తున్నాడు.

"పెద్దాయనా" అన్నాడు ఒబ్దూలియో నెమ్మదిగా, "మీ ఆవు లారీ వైపు చూడటం లేదు. దూడల వైపు చూస్తోంది."

నిజమే. పలోమా మెడ తిప్పి దూడల దొడ్డి గడికర్ర వైపు చూస్తోంది. అక్కడ ఎవరూ లేరు.

ఎలియోదోరో తాడు భుజాన వేసుకుని బురదలో నడిచాడు. గడికర్ర దగ్గర, తన చోట నిలబడ్డాడు. పలోమా దూడను మిగతావాటిలోంచి మోకాలితో వేరుచేశాడు. వాళ్ళిద్దరి వైపూ చూడకుండా, "పెట్టు" అన్నాడు.

పాట మొదలైంది. వాన, పొదుగు, బిడ్డ ఆకలి. ఊపిరి తెగింది. పేరు వచ్చింది. ఆగింది.

అతను ఖాండ్రించి ఉమ్మి, ఎత్తుకున్నాడు. "ప—లో—మాఆ…" కేక కంచె దాటి, లారీ దాటి, నీళ్ళమీదుగా పోయింది. అతను గడికర్ర లాగాడు. దూడ దూకింది.

పలోమా కదలకుండా నిలదొక్కుకుంది. ఒళ్ళంతా ఒకసారి వదులైంది. దూడ మూతి పెట్టగానే పెదాల పక్కనుంచి తెల్లగా కారింది. నుబియా దూడను కట్టటం కూడా మర్చిపోయి పిండటం మొదలుపెట్టింది. ముందు బుర్ర అడుగున టపటప, తర్వాత నురగలో మెత్తటి చప్పుడు.

"గిన్నె" అని అరిచింది. "ఎవరైనా గిన్నె తెండయ్యా."

ఒబ్దూలియో గిన్నె తెచ్చాడు. తర్వాత లారీకి, దొడ్డికి మధ్య పరుగులు పెడుతూ పాటలు మార్చాడు. మోరా, పెర్లా, అన్నిటికంటే మొండిదైన గాలియానా. ప్రతిదానికీ ఎదెల్మిరా పిలిచింది, ఎలియోదోరో పలికాడు. గాలియానా దగ్గరికొచ్చేసరికి అతని కేకకు తోక పెరిగింది. చివర్లో అక్కర్లేని విరుపు ఒకటి విరిచాడు. నుబియా ఆవు పొట్టకు నుదురానించి, "పాట కాదట, వినండన్నా" అంది.

"లారీలో పెట్టుకుంటాను, నాకొక కాపీ ఇవ్వండి" అన్నాడు ఒబ్దూలియో.

"ఇస్తే నీ టైర్లు నేనే కోస్తాను" అన్నాడు ఎలియోదోరో.

పాలు గిన్నె అంచుకొచ్చాయి. ముగ్గురూ పాలకాఫీ తాగారు. ఒబ్దూలియో మీసాల నురగ తుడుచుకుని, దించిన తలుపు వైపు చూశాడు. "ఇంతకీ నేనేం ఎక్కించుకుపోవాలి?"

"ఏమీ లేదు. మూసేయ్. వచ్చేవారం చీజ్ పట్టుకుపో."

"మరి సిమ్ తీసిచ్చేయనా పెద్దాయనా? మీదే కదా."

ఎలియోదోరో కాఫీ ఊదుకున్నాడు. "నీ దగ్గరే ఉండనీ. మాటిల్దె అత్తకి ఆమెన్ ఎవరంటారు?"

"మీరు అనొచ్చుగా."

"నేను అనను."

నుబియా ఫోను చూసుకుంటోంది. చూస్తూ చూస్తూ వేలు ఆపింది. పాటల్లో అడుగున ఇంకొకటుంది. దానిమీద ఆవు పేరు లేదు. ఎలియోదోరో అని ఉంది. ఆమె నొక్కబోయి, మానేసి, ఫోను అతని చేతిలో పెట్టింది. ఎక్కడ నొక్కాలో చూపించింది.

అతను దూడల దొడ్డి అవతలికి, ఆవులు నీళ్ళు తాగే చోటికి పోయాడు. వాళ్ళకు వీపు పెట్టి నిలబడి, ఫోను చెవికి ఆనించుకున్నాడు.

*ఎలియోదోరో, ఎలియోదోరో,*
*కొమ్ముల్లేని మొండి ఎద్దా,*
*గడికర్ర మీద చెయ్యి వేసి*
*నావైపే చూస్తావు, చూడనట్టు.*
*అందరినీ పిలిచాను, అందరూ పలికారు,*
*నిన్నూ పిలుస్తున్నా, పలకవేం…*

తర్వాత పేరు ఒక్కటే, పొడుగ్గా. ఆగింది. ఫోనులోంచి అతని సొంత గొంతే వచ్చింది, చిరాగ్గా: "కాఫీ చల్లారిపోతోంది, దిగు." దానిమీద ఎదెల్మిరా నవ్వు. తెంపు లేకుండా, చాలాసేపు. అంతటితో అయిపోయింది.

అతను మళ్ళీ మొదట్నుంచి పెట్టాడు. ఈసారి ఆమె పిలిచి ఆగిన చోట ఫోనును చెవినుంచి తీసి, అరచేత్తో మూసి, తన పేరు తనే పలికాడు. కేక వేయలేదు. పక్కనున్న దూడకు వినపడేంత.

వెనక దొడ్డిలో, తాడు విప్పేసిన పలోమా తలెత్తింది. ఎవరూ ముట్టుకోకుండానే పొదుగులోంచి పాలు బొట్లుబొట్లుగా బురదలోకి రాలాయి. నుబియా అది చూసింది. ఒబ్దూలియో చూసి, టోపీ తీసి, దానితో ఏం చేయాలో తెలియక మళ్ళీ పెట్టుకున్నాడు.

ఎలియోదోరో తిరిగొచ్చి ఫోను ఇచ్చాడు.

"ఏం పాడింది బావా అక్క?"

"ఏం లేదు."

"నువ్వు పలికావు."

"లేదు."

"పలోమా పొదుగు కారుతోంది."

"కారనీ." అతను విరిగిన పైకర్రను పక్కకు లాగి, కొత్త కర్రకోసం చూశాడు. "ఆవుల గురించి అడుగు, చెబుతాను. వానెప్పుడు పడుతుందో అడుగు. ఇది మాత్రం అడక్కు. ఇవాళ కాదు, ఎప్పుడూ అడక్కు. నేను పోయాక ఎవడి దగ్గరో కోడ్ తెప్పించి నా ఫోనులో వెతకను కూడా వెతకొద్దు. అందులో ఏమీ ఉండదు."